దాచిన ఐదు మాటలు

బూట్లు బకెట్లో ఉన్నాయి. పీకలదాకా నీళ్ళలో మునిగి, నాలుకలు బయటపెట్టి, ఒక్కొక్క బుడగే వదులుతున్నాయి.

"ఇదేంటి?" అన్నాడతడు.

"నానబెట్టాను," అంది భార్య, పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే.

"బూట్లెవరైనా నానబెడతారా?"

"ఎవరింటి తలుపుకో మన తాళంచెవి పెట్టి ఇరవై నిమిషాలు తిప్పేవాళ్ళున్నప్పుడు, బూట్లు నానబెట్టేవాళ్ళూ ఉంటారు."

నిన్నటి సాయంత్రం ఆ వంటగదిని ఇంకా వదిలిపోలేదు. మూడిళ్ళ అవతల ఉండే దర్జీ అతణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, గుమ్మంలో అప్పగించి వెళ్ళాడు. "పర్లేదమ్మా, ఈ వీధిలో తలుపులన్నీ ఒక్కలాగే ఉంటాయి," అన్నాడు పోతూ పోతూ. ఆ మాటలో వెటకారం ఉన్నా బాగుండేది. జాలి ఉంది. దర్జీ తలుపు ఆకుపచ్చది. తమ తలుపు నీలం.

బల్ల దగ్గర కూర్చుని బఠానీలు ఒలుస్తున్న అత్తగారు బకెట్టు వంక ఓరగా చూసింది.

"నా కాలంలో మేం మొగుళ్ళ చెప్పులు దాచేవాళ్ళం. నువ్వు ఏకంగా ముంచేశావు. తరం ముదిరింది."

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకునే ఉన్నా. ఒలుచుకుంటున్నా."

"శనివారం ఆట ఉంది," అన్నాడతడు.

"ఉంటే?"

"ఉంటే వెళ్ళాలి."

"మీ తల కూడా వస్తుందా, కాళ్ళొక్కటే వెళ్తాయా?" భార్య ఇప్పుడు తిరిగింది. చేతిలో గరిటె ఉంది, కళ్ళ కింద నీడలున్నాయి. "మొన్న ఆటలో బంతిని తలతో ఎన్నిసార్లు కొట్టారో తెలుసా?"

"ఎవరు లెక్కపెట్టారు?"

"నేను పెట్టాను. ముప్ఫై ఒకటి."

పదహారేళ్ళుగా ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్‌గా గోలు ముందు నిలబడి, వచ్చేదాన్ని ఆపడమే అతని బతుకు. కాలికి అందేది కాలితో, అందనిది తలతో. లోపలి నుంచి పడ్డ గొళ్ళెంలాంటివాడని, ఎందరు తోసినా ఊడడని, మైదానం చుట్టూ చేరే జనమంతా అతణ్ణి గొళ్ళెం అని పిలుస్తారు. ఆ పేరు వినబడితే ఇప్పటికీ ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది. ముప్ఫై నాలుగేళ్ళు నిండాయి. ఇంకొక్క సీజన్, ఇంకొక్కటంటే ఒక్కటి అని మూడేళ్ళుగా ఆమెతో అంటూనే ఉన్నాడు.

"పదింటికి క్లబ్ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం," అంది భార్య. "నిన్ననే ఫోన్ చేశాను. డ్యూటీ మార్చుకున్నాను. నా బస్సు వేరేవాళ్ళు నడుపుతారు."

"నేను చెప్పుకుంటాలే ఆవిడకి."

"మీరు చెప్పరు. అందుకే నేనూ వస్తున్నా."

అత్తగారు ఒక బఠానీ నోట్లో వేసుకుని, కాస్త నమిలి, నెమ్మదిగా అంది: "వెళ్ళిరండి అల్లుడుగారూ. అక్కడ మా వాడు ఉన్నాడుగా. వాడుండగా మీకు భయమేముంది?"

అతని భయం ఉన్నదే అక్కడ.

*

డాక్టర్ గది చిన్నది. బల్ల మీద ప్లాస్టిక్ పుర్రె, కిటికీకి సగం దాకా మసక అద్దం. ఆ మసక పైన, మైదానంలో పరుగెత్తే ఆటగాళ్ళ తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. మెడల్లేని తలలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోతున్నాయి.

డాక్టరమ్మ నిరుడే వచ్చింది. సన్నటి మనిషి. తొందరపడి ఒక్క మాటా అనదు. భార్య చెప్పిందంతా వింది. తాళంచెవి, దర్జీ, స్నానాలగదిలో కట్టకుండా వదిలేసిన నీళ్ళ కుళాయి, పాలు అనబోయి "అది, తెల్లగా ఉంటుందే, అది" అన్న పొద్దు, అన్నీ వింది.

"పరీక్ష పెడదాం," అంది. "పది మాటలు చదువుతాను. ఐదు నిమిషాలాగి అడుగుతాను. ఎన్ని గుర్తుంటే అన్ని చెప్పండి."

గొడుగు, వంతెన, నిమ్మకాయ, అద్దం, గుర్రం, నిచ్చెన, దీపం, కాగితం, పడవ, మేకు.

ఐదు నిమిషాలు డాక్టరమ్మ అతని కళ్ళలోకి టార్చి వేసి చూసింది. ఒంటికాలి మీద నిలబెట్టింది. ముక్కు ముట్టుకోమంది. తర్వాత, "ఊఁ, చెప్పండి," అంది.

"గొడుగు," అన్నాడు. "వంతెన. అద్దం. గుర్రం."

ఆగాడు. వెతికాడు. చీకట్లో గోడ తడుముతున్నవాడిలా వెతికాడు. పక్కన కూర్చున్న భార్య పెదవులు కదలబోయి ఆగడం కంటి కొసకు కనిపించింది.

"పడవ," అన్నాడు. ఇంకా వెతికాడు. ఇంకేమీ లేదు.

"ఐదు," అంది డాక్టరమ్మ. కాగితాలు తిరగేసింది. ఒకచోట ఆగింది. మొహం తేటపడింది. "నాలుగేళ్ళ కిందట మీకు మొదటిసారి పెట్టినప్పుడూ ఐదే. అసలేమీ మారలేదు."

"మారలేదా?" అంది భార్య.

"ఇక్కడ పద్ధతి ఏమిటంటేనమ్మా, ముందుగా ఒకసారి పరీక్ష పెట్టి అంకె రాసుకుంటారు. తర్వాత తలకు దెబ్బ తగిలితే మళ్ళీ పెట్టి, ఆ పాత అంకెతో పోలుస్తారు. పడిపోతే ఆపేస్తాం. పడకపోతే ఆపే హక్కు నాకు లేదు. కోచ్ ఒప్పుకోడు, క్లబ్ ఒప్పుకోదు. అలసట కావచ్చు. నిద్ర తక్కువ కావచ్చు."

"మా ఆయన జ్ఞాపకం ఇంతేనంటారా, మొదట్నుంచీ?" భార్య గొంతు లేచింది. "పెళ్ళైన కొత్తలో నా బస్సు రూట్లన్నీ, ఒక్కో స్టాపూ, వరసగా అప్పజెప్పేవారండీ ఈయన! ముప్ఫై రెండు స్టాపులు! నన్ను నవ్వించడానికి వెనకనుంచి కూడా చెప్పేవారు!"

డాక్టరమ్మ ఈసారి అతని వంక తిరిగింది. కొంచెంసేపు చూసింది.

"ఆ రోజు మీ ఒంట్లో బాగోలేదా? ఐదంటే తక్కువే మరి. ఏమన్నా జరిగిందా ఆ రోజు?"

తలుపు తెరిచి పట్టుకున్నట్టే అడిగింది. ఒక్క అడుగు వేస్తే చాలు.

"గుర్తులేదు," అన్నాడతడు.

భార్య కళ్ళు మూసుకుంది. అది కూడా జబ్బేననుకుంది పాపం. కానీ ఆ పొద్దున అతనికి అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ రోజే.

*

మర్దన గదిలో బావమరిది ఒక్కడే ఉన్నాడు. భార్యకు స్వయానా తమ్ముడు. కండరాలు పట్టేసినవాళ్ళను పిండి, తోమి, నిలబెట్టి పంపే పని వాడిది. ఎప్పుడు చూసినా చేతులు మోచేతులదాకా నిగనిగలాడుతుంటాయి. జట్టంతా వాణ్ణి నూనెసీసా అంటారు.

"తలుపు వెయ్యి బావా," అన్నాడు. "అక్కేది?"

"కారు దగ్గర."

"ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు."

"నువ్వు దేవుడివి."

"దేవుణ్ణి కాదురా. దొంగని. నీకు జోడీని."

నూనెసీసా నవ్వబోయి మానుకున్నాడు.

నాలుగేళ్ళ కిందట, ఈ గదిలోనే, ఈ బల్ల మీదే బోర్లా పడుకుని ఉండగా, వాడు చెవి దగ్గర చెప్పాడు: 'రేపు తల పరీక్ష. పది గుర్తుంటే ఐదే చెప్పు బావా. ఎప్పుడైనా దెబ్బ తగిలి నిజంగా ఐదే గుర్తున్నా నిన్నెవరూ బెంచీ మీద కూర్చోబెట్టరు.' ఎంత తెలివైన మాట అనిపించిందో! డిఫెండర్ ఒక్క నెల పక్కన కూర్చుంటే చాలు, వాడి చోట్లో ఇంకొకడు అతుక్కుపోతాడు. మర్నాడు పది మాటలూ నాలుక కొస మీద ఆడుతుండగా, ఐదు చెప్పి ఐదు మింగాడు. బయటికొచ్చి ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆనాడు ఉండి దాచిన ఐదు. ఈనాడు వెతికినా దొరకని ఐదు. కాగితం మీద రెండూ ఒక్కటే.

"డాక్టరమ్మ అడిగిందిరా. ఆ రోజు ఏం జరిగిందని మొహం మీదే అడిగింది."

"అడగనీ. అడుగుతారు, మర్చిపోతారు."

"మర్చిపోయేది నేను. ఆవిడ కాదు."

"అబ్బా, బావా!" నూనెసీసా తువ్వాలు విసిరికొట్టాడు. "నువ్వు చెబితే నువ్వొక్కడివే బయటపడతావనుకుంటున్నావా? నలుగురికీ చెప్పాను నేను. మీ గీతలో నలుగురికీ! నాతో ఐదుగురం. నా లైసెన్సు చింపి మొహాన కొడతారు. ఇంకే క్లబ్బూ గడప తొక్కనివ్వదు."

గీత అంటే అదే వాళ్ళ పని. నలుగురు డిఫెండర్లు ఒకే వరసలో నిలబడాలి. ఎదుటివాడు బంతి కోసం దూకబోయే క్షణంలో నలుగురూ ఒక్కసారిగా ముందుకు అడుగు వెయ్యాలి. వాడు వాళ్ళ వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. ఆఫ్‌సైడ్, అంటే ఆ ఆట చెల్లదని, జెండా లేస్తుంది. ఒక్కడు ఆలస్యమైతే చాలు, పన్నిన ఉచ్చు తమకే తగులుకుంటుంది. "పైకి!" అని కేక వేసేది గొళ్ళెం. ఆ కేక మీద నమ్మకంతో మిగతా ముగ్గురూ పక్కకైనా చూడకుండా కదులుతారు. మొన్న ఆదివారం ఆ కేక ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఒంటరిగా మిగిలింది ఎదుటివాడు కాదు, ఎడమ పక్కన ఆడే కుర్రాడు, జట్టంతా గిత్త అని పిలిచేవాడు. బంతిని ఆపబోయి గోలు స్తంభానికి తల కొట్టుకున్నాడు.

"గిత్త సంగతేంటి?" అన్నాడతడు.

"గిత్తకేం? ఇరవై మూడేళ్ళు. గుండ్రాయిలా ఉన్నాడు."

"ఆదివారం నుంచి టోపీ తియ్యట్లేదు. వెలుతురు చూడలేకపోతున్నాడు. నిన్న జట్టు బస్సులో కక్కుకున్నాడు. పక్క సీట్లో నేనే ఉన్నా."

"పరీక్ష పాసయ్యాడుగా!"

"పాసవక చస్తాడా? పాఠం చెప్పింది నువ్వేగా!"

నూనెసీసా తువ్వాలు ఏరుకున్నాడు. చేతులు తుడుచుకున్నాడు, తుడిచినవే మళ్ళీ తుడుచుకున్నాడు. మాట్లాడినప్పుడు గొంతు చిన్నదైపోయింది.

"ఈ పని నువ్వే ఇప్పించావు బావా. అమ్మ ఇప్పటికీ వీధిలో అందరికీ చెప్పుకుంటుంది, మా అల్లుడు మా వాణ్ణి మనిషిని చేశాడని. ఇప్పించిన చేత్తోనే తీసేస్తావా?"

ఈ గదికి కిటికీ లేదు. ఆ సంగతి నాలుగేళ్ళలో అతడు గమనించడం ఇదే మొదటిసారి.

*

కారు భార్యే నడిపింది. అతడు పక్క సీట్లో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడికి తీసుకెళ్తున్న పిల్లాడిలా కూర్చున్నాడు.

"నిమ్మకాయ," అంది ఆమె ఒక మలుపు దగ్గర. "నిచ్చెన. దీపం. కాగితం. మేకు." ఇంకొంత దూరం పోయాక అంది: "నేను చదువుకోలేదు. అంత తెలివిగలదాన్నీ కాదు. నాకే పదీ వచ్చాయి. మీకు ఐదేంటి? మొదట్నుంచీ ఐదేంటి?"

వాన మొదలైంది. అద్దం తుడిచే పుల్లలు కొట్టుకుంటున్నాయి.

"నేను కావాలనే ఐదు చెప్పాను," అన్నాడతడు.

"ఇవాళా?"

"ఆ రోజు."

ఆమె వెనక అద్దం చూసింది. సిగ్నల్ వేసింది. కారును పక్కకు తీసి, చేతి బ్రేకు లాగి, ఇంజను ఆపింది. కోపంలోనూ పద్ధతి తప్పని డ్రైవరు.

అతడు చెప్పాడు. పది ఎలా ఐదైందో, ఐదు ఎందుకు పదిలమో చెప్పాడు. ఆమె వింది.

"ఇంత తెలివి మీది కాదు," అంది చివరికి. "షర్టు తిరగేసి తొడుక్కుంటే నేను చెప్పేదాకా తెలీదు మీకు. ఎవరు చెప్పారు?"

"ఎవరూ లేరు."

"నా మొహం చూసి చెప్పండి."

అతడు వాన వంక చూశాడు. ఆమె ఇంజను వేసింది. ఇల్లు చేరేదాకా ఒక్క మాట లేదు. ఆ నిశ్శబ్దంలో కూర్చోవడం కంటే గోలు స్తంభానికి తల కొట్టుకోవడం నయమనిపించింది.

*

ఇంట్లో బల్ల మీద నాలుగు పళ్ళేలు పెట్టి ఉన్నాయి. నాలుగో పళ్ళెం ముందు నూనెసీసా కూర్చుని ఉన్నాడు. స్కూటరు మీద అడ్డదారిన వచ్చాడు కాబోలు, జుట్టు ఇంకా కారుతోంది.

"తిండివేళకి తగలడ్డాడు," అంది అత్తగారు సంబరంగా. "వీడి ముక్కుకి పొయ్యి వాసన పది వీధుల అవతలకి కూడా తెలుస్తుంది. ఏమంది డాక్టరు?"

"ఏమీ లేదందట అమ్మా," అన్నాడు నూనెసీసా, ఎవరూ చెప్పకముందే.

భార్య చున్నీ విప్పలేదు. కూర్చోలేదు. సంచిలోంచి ఫోను తీసింది, నంబరు నొక్కింది, మోగుతుండగానే అతని చేతిలో పెట్టింది.

"నాతో చెప్పింది ఆవిడతో చెప్పండి."

"తిన్నాక..."

"ఇప్పుడు."

అటువైపు డాక్టరమ్మ పలికింది. అతడు గోడవైపు తిరిగాడు. నిలబడే చెప్పాడు. ఆ అంకె అబద్ధం. పదీ గుర్తుండే ఐదు చెప్పాను. ఇవాళ మాత్రం నిజంగానే వెతికాను డాక్టర్‌గారూ, దొరకలేదు.

అటువైపు కలం కాగితం మీద గీస్తున్న చప్పుడు.

"మీ పేరు ఇప్పుడే తీసేస్తున్నాను," అంది డాక్టరమ్మ. "శనివారమే కాదు, ఇంక ఈ సీజన్‌లో మీరు బంతి ముట్టుకోరు. మంచి పని చేశారు."

పదహారేళ్ళు. నిజం చెబితే గుమ్మం దాటినట్టు మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు.

"ఒక్క మాట," అంది డాక్టరమ్మ. "ఇది మీకెవరైనా నేర్పారా? ఇలా చేసింది మీరొక్కరేనా, ఇంకెవరైనా ఉన్నారా?"

అతడు గోడ నుంచి తిరిగాడు. అత్తగారు కొడుకు పళ్ళెంలో గరిటెతో వడ్డిస్తోంది, చాలమ్మా అంటున్నా ఇంకొంచెం, ఇంకొంచెం. నూనెసీసా తినడం లేదు. రెండు చేతులూ బల్ల కింద ఉన్నాయి. భార్య కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, అతని పెదవుల వంకే చూస్తోంది.

"ఒక్కణ్ణే," అన్నాడు. "ఎవరూ నేర్పలేదు. నా సొంత బుద్ధి."

"హమ్మయ్య," అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో బరువు దిగిపోయింది. "మీ పక్కన ఆడే ఆ ఎడమవైపు అబ్బాయి కాగితం నా ముందే ఉంది. అతనికీ పాత అంకే వచ్చింది. మీరు ఫోన్ చేసేసరికి ఒక్క క్షణం నాకు అనుమానం తగిలింది, అతనూ ఇదే చేశాడేమోనని. మీరొక్కరే అంటున్నారు కాబట్టి సరే. శనివారం ఆడొచ్చని సంతకం పెట్టేస్తున్నాను. మీరు విశ్రాంతి తీసుకోండి."

"డాక్టర్‌గారూ..."

ఆవిడ అప్పటికే ఫోను పెట్టేసింది.

బల్ల దగ్గర ఎవరో ఊపిరి వదిలారు. పొద్దుటి నుంచి బిగబట్టి ఉంచిన ఊపిరి, పొడుగ్గా, హాయిగా, దాచుకోవడం మరిచిపోయి వదిలిన ఊపిరి. నూనెసీసా చెయ్యి బల్ల కింద నుంచి పైకి వచ్చి, నింపాదిగా ముద్ద కలిపింది.

భార్య తల అటు తిరిగింది.

ఆమె తమ్ముణ్ణి చూసింది. వాడి చేతులు చూసింది. మోచేతుల దాకా చూసింది. చిన్నప్పుడు వాడికి పొలమారకుండా తను వీపు నిమిరి తినిపించిన ఆ నోటిని, ముద్ద అందుకోవడానికి తెరుచుకుంటున్న ఆ నోటిని చూసింది.

"ఏమయిందే, అలా నిలబడ్డావు?" అంది అత్తగారు. "కూర్చో, చల్లారిపోతుంది."

"ఫోన్ ఇలా ఇవ్వండి," అంది భార్య. చెయ్యి అతని వైపు చాచింది గాని, కళ్ళు తమ్ముడి మీద నుంచి కదల్లేదు. "ఆవిడతో నేను మాట్లాడతాను."

నూనెసీసా చేతిలో ముద్ద ఆగింది.

ఇస్తే మళ్ళీ నంబరు కలుస్తుంది, నూనెసీసా పని పోతుంది. ఇవ్వకపోతే శనివారం గిత్త ఆ గీత మీద నిలబడతాడు. ఆ వంటగదిలో ఆమె అరచెయ్యి తప్ప ఇంకేమీ కనబడటం లేదు. అది దగ్గరికొస్తోంది.

అతడు ఫోన్‌ను చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

"ఆఁ, చెప్పండి డాక్టర్‌గారూ," అన్నాడు, ఎవరూ లేని ఆ ఫోన్‌లోకి. "వింటున్నాను. చెప్పండి."